ఆధారం రాయని కార్డు

గురువారం నాలుగు గంటలకి పదసంఘం కూర్చునేది. ఇరవై రెండేళ్ళుగా అదే రోజు, అదే వేళ, రేక్యవిక్ గ్రంథాలయం వెనక గదిలో అదే బల్ల. బల్ల మీద ఒక చెక్కపెట్టె, ఒక కాఫీ ఫ్లాస్కు, వాల్‌బోర్గ్ ఇంట్లో వేయించి తెచ్చే క్లేనుర్ బిళ్ళలు. ముందు యాలకుల వాసన గదిలోకి వచ్చేది, ఆ వెనక వాల్‌బోర్గ్ వచ్చేది.

ఇంగ్లీషు మాట ఒకటి రేవులో దిగితే దాన్ని అలాగే నోట్లో వేసుకోవడం మర్యాద కాదు. దానికి ఐస్‌లాండిక్‌లో ఇంటి మాట ఒకటి వెతకాలి, లేకపోతే కట్టాలి. విద్యుత్తు వాళ్ళకో సంఘం, వైద్యులకో సంఘం, పడవలవాళ్ళకో సంఘం. వీళ్ళది కొలతలూ లెక్కలూ చూసే సంఘం. జీతం లేదు. కాఫీ కూడా ఎవరి వంతు వాళ్ళదే.

పెద్దాయన ఈస్లేవుర్ పెట్టిన నియమం ఒకటుండేది. ప్రతి మాటకీ ఒక కార్డు. పైన ఇంగ్లీషు మాట, దాని కింద మన మాట, దాని కింద ఆ మాట వాడిన వాక్యం ఒకటి. ఆ వాక్యం కల్పించింది కాకూడదు. ఎక్కడో ఎవరో నిజంగా రాసిందై ఉండాలి. ఎక్కడిదో కార్డు వెనక రాయాలి. వెనక ఖాళీగా ఉన్న కార్డు పెట్టెలోకి వెళ్ళదు.

"కల్పించిన వాక్యంలో మాట నటిస్తుంది," అనేవాడు ఈస్లేవుర్. "మనకి పనిలో ఉన్న మాట కావాలి, ఫొటోకి నించున్న మాట కాదు."

ఆ ఏడాది చలికాలం చివర వాళ్ళ ముందుకొచ్చిన పట్టిక కాస్త వింతైనది. ముప్పై ఒక్క ఇంగ్లీషు మాటలు. అన్నీ దేన్నీ సరిగ్గా చెప్పకుండా గట్టెక్కడానికి పనికొచ్చేవే.

"ముప్పై ఒకటి," అంది వాల్‌బోర్గ్. ఆమె న్యాయశాస్త్ర గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. "తెలియదని చెప్పడానికి వాళ్ళకి ఇన్ని మాటలు కావాల్సొచ్చాయి. మనకి ఒక్క ఊపిరి చాలు. 'యా' అని లోపలికి పీల్చి ఊరుకుంటే అయిపోయింది."

"నీ ఊపిరిని కార్డు మీద ఎలా రాయమంటావ్?" అన్నాడు ఈస్లేవుర్.

"నువ్వు పెద్దవాడివి, నువ్వే చెప్పాలి."

అంచు సరిగ్గా తెలియనిదాన్ని చెప్పే ఫజీ అనే మాట దగ్గర సగం మధ్యాహ్నం పోయింది. దానికి లోడిన్ అని వాల్‌బోర్గ్ పట్టు. లోడిన్ అంటే ఒత్తుగా బొచ్చున్నది.

"అది గొర్రెలకి వాడేది," అన్నాడు ఈస్లేవుర్.

"గొర్రెలకేం తక్కువ? శీతాకాలం చివర గొర్రెని చూడు. ఎక్కడ గొర్రె అయిపోయిందో, ఎక్కడ గాలి మొదలైందో చెప్పగలవా? మంత్రులు పార్లమెంటులో ఇచ్చే జవాబుల్ని ఏమంటున్నాం? బొచ్చు జవాబులనే కదా."

కార్యదర్శి హెర్దిస్ కార్డు మీద లోడిన్ అని రాసింది. ఆమె చేతిరాత పంతులమ్మ చేతిరాత, దూరం నుంచి చూసినా అక్షరం తెలుస్తుంది. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళుగా ఐస్‌లాండిక్ చెబుతోంది. ఆ నవంబరు నుంచి ఆమె అవసరమైన దానికన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడడం ఎవరూ వినలేదు.

నాలుగో మనిషి గిస్సుర్ బల్లకి ఆ చివర కూర్చున్నాడు. కోర్టు ముద్ర ఉన్న అనువాదకుడు. ఇరవై రెండేళ్ళూ అతని కుర్చీ హెర్దిస్ పక్కదే. జనవరి చివర నుంచి అతను ఆ చివరికి మారాడు. కిటికీ దగ్గర వెలుతురు బాగుందన్నాడు. జనవరిలో నాలుగు గంటలకి ఆ కిటికీలో ఎంత వెలుతురుంటుందో హెర్దిస్‌కి తెలుసు.

*

హెర్దిస్ భర్త హోగ్ని నవంబరు తొమ్మిదిన పోయాడు. చల్లబెట్టిన చేపలు మోసే ఓడలో రెండో ఇంజనీరు. ఓడ పరాయి దేశపు కంపెనీది, ఆగి ఉన్నది పరాయి రేవులో. కింది శీతల గదిలో గొట్టం బిగించడానికి దిగాడు. గొట్టం నుంచి వాయువు కారింది. మనిషి కింద ఉన్నంతసేపూ, పైన దిగే దారి మూత దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉండాలన్నది ఓడల్లో నియమం. ఆ రోజు అక్కడ నిలబడ్డవాడు ఏదో పని మీద పైకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి హోగ్ని పడిపోయి ఉన్నాడు.

ఆమె అడిగింది ఒక్కటే. ఎంతసేపు?

అడగడానికి కారణం ఉంది. మొదటి పది నిమిషాల్లో బయటి గాలి తగిలి ఉంటే బతికే అవకాశం ఉండేదని వైద్యుడు చెప్పాడు. కాపలా మనిషి ఒక నిమిషం పక్కకి వెళ్ళి ఉంటే అది దురదృష్టం. ఆ దురదృష్టంతో ఆమె ఎలాగో ఒకలా బతకగలదు. అలా కాకపోతే, హోగ్ని ఆ గదిలో పైకి చూస్తూ, ఎవరైనా వస్తారని కొంతసేపు ఎదురుచూసి ఉంటాడు. నాలుగు నెలలుగా ఆమె నిద్రకి అడ్డం పడుతున్నది ఆ 'కొంతసేపు'.

కంపెనీ నివేదిక జనవరి ఆఖరులో వచ్చింది. ఇంగ్లీషు నుంచి ఐస్‌లాండిక్‌లోకి తెచ్చింది గిస్సుర్, అడుగున అతని ముద్ర. నాలుగో పుటలో ఇలా ఉంది: "కొంతసేపటికి కాపలా మనిషి తిరిగి వచ్చాడు." అంతకు ముందు వాక్యంలో "సాధారణంగా మూత దగ్గర ఒకరుండే ఏర్పాటు ఉండేది" అని ఉంది. చదవగా చదవగా, హోగ్నియే ఎవరి కోసమూ ఆగకుండా దిగిపోయాడేమో అనిపించేలా ఉంది. ఎక్కడా అలా అనలేదు. ఎక్కడా కాదనీ అనలేదు.

ఆమెకి మొదట అనుమానం వచ్చింది గిస్సుర్ మీదే. ఒప్పందం కాగితంలో 'పడవ' అని ఉంటే, ఆ పడవకి పైకప్పు ఉందా లేదా అని తెలుసుకోడానికి మూడు ఉత్తరాలు రాసిన మనిషి అతను. అలాంటివాడు 'కొంతసేపటికి' అని రాసి, ముద్ర వేసి, ఇంటికెళ్ళి అన్నం తినగలిగాడా?

ఇంగ్లీషు మూలం కావాలని విచారణ కార్యాలయానికి రాసింది. వాళ్ళు మర్యాదగా పంపించారు. నాలుగో పుట తీసింది. అందులోనూ అంతే ఉంది, కొంతసేపటికి అనే. గిస్సుర్ ఉన్నదున్నట్టే తెచ్చాడు.

ఆ రోజు ఆమె సిగ్గుపడింది. గిస్సుర్, హోగ్ని పదిహేడేళ్ళు ఒకే గాయకబృందంలో పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళు. అంత్యక్రియల రోజు పత్రికలో హోగ్ని గురించి వచ్చిన ఆరు స్మృతి వ్యాసాల్లో అన్నిటికన్నా మంచిది గిస్సుర్ రాసింది. హోగ్ని ఎప్పుడూ పాట మొదలయ్యేముందు గొంతు సవరించుకునేవాడు కాదని, నేరుగా మొదలుపెట్టేవాడని అందులో ఉంది.

సిగ్గుపడింది గానీ కాగితాలు పక్కన పెట్టలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దిన కళ్ళు ఆమెవి. తండ్రి రాసిచ్చిన పేరా ఎక్కడ మొదలైందో, పక్కవాడి దాంట్లోంచి దించిన పుట ఏదో ఆ కళ్ళు ముందే పట్టేస్తాయి. మూలంలో మిగతా ఆరు పుటల అక్షరాలూ కాస్త వెలిసినట్టున్నాయి. నాలుగో పుట నల్లగా ఉంది. మిగతా పుటలు అడుగు వరకూ నిండి ఉన్నాయి. నాలుగో పుట అడుగున మూడు వరుసలంత ఖాళీ.

పుట మార్చారు. ఎవరు? ఏం తీసేశారు? గిస్సుర్ చూసింది ఏ పుట?

ఫోను చేసి అడగొచ్చు. అడిగితే అతను జవాబు చెబుతాడు, ఆ జవాబుని నమ్మాలో వద్దో మళ్ళీ ఆమే తేల్చుకోవాలి. అందుకని అడగలేదు. గురువారాలు వెళ్ళి, బల్లకి ఇటు కూర్చుని, అటు కూర్చున్నవాడి చేతులు చూస్తూ ఉండేది.

కుటుంబం నుంచి అభ్యంతరం ఏదైనా ఉంటే మార్చి ముప్పై ఒకటిలోగా రాయాలని కార్యాలయం వాళ్ళు చెప్పారు. తర్వాత విచారణ మూసేస్తారు. 'నాలుగో పుట నల్లగా ఉంది' అన్నది అభ్యంతరం కాదని ఆమెకి తెలుసు.

*

మార్చి రెండో గురువారం వంతు 'అప్రాక్సిమేట్‌లీ'ది. దానికి వెతుక్కోనక్కరలేని మాట ఇంట్లోనే ఉంది: హెర్ ఉమ్ బిల్. పిల్లలూ అంటారు, వాతావరణం చెప్పేవాళ్ళూ అంటారు. సుమారుగా అని. మాట మీద తగాదా లేదు కాబట్టి తలా ఒక వాక్యం తెస్తే సరిపోతుంది.

వాల్‌బోర్గ్ పాత వంటపుస్తకం నుంచి తెచ్చింది: సుమారు గుప్పెడు ఎండుద్రాక్ష.

"ఎవరి గుప్పెడు?" అన్నాడు ఈస్లేవుర్.

"రాసినావిడ పోయి అరవయ్యేళ్ళయింది. నువ్వే వెళ్ళి అడిగిరా."

"తొందర్లోనే అడుగుతాలే."

ఈస్లేవుర్ తెచ్చింది వాతావరణ నివేదికలోది. గిస్సుర్ తన కార్డుని బల్ల మీద జరిపాడు. అది వాల్‌బోర్గ్ చేతి మీదుగా హెర్దిస్ దగ్గరికి వచ్చింది. పైకి చదవడం కార్యదర్శి పని.

ఆమె చదివింది.

"కాపలా మనిషి కింది శీతల గది మూత దగ్గరికి తిరిగి వచ్చేసరికి సుమారు నలభై నిమిషాలైంది."

గొంతు మారలేదు. తరగతిలో ఎన్నో చదివిన గొంతు అది. చదివి, అలవాటు ప్రకారం కార్డు తిప్పింది. వెనక ఏమీ లేదు.

ఇరవై రెండేళ్ళలో గిస్సుర్ కార్డు వెనక ఖాళీగా ఉండడం అదే మొదటిసారి.

"ఆధారం?" అన్నాడు ఈస్లేవుర్.

గిస్సుర్ తన కార్డుని ఇప్పుడే చూసినవాడిలా చూశాడు. మొహంలో రంగు లేదు. "ఏదో పత్రికలోది. చూసి రాస్తాను."

"ఏ పత్రిక?"

"ఏదో..."

"ఏదో అన్నదానికి పోయిన నెలే కార్డు రాశాం," అంది వాల్‌బోర్గ్. "ఇంకోటి అక్కర్లేదు." నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. ఆమె ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి క్లేనుర్ బిళ్ళ తీసుకుంది.

"ఇలా ఇవ్వు హెర్దిస్, నేను పట్టుకెళ్ళి రాసి తెస్తాను," అన్నాడు గిస్సుర్. చెయ్యి చాపాడు.

"ఆధారం లేని కార్డులు కార్యదర్శి దగ్గరుంటాయి," అంది ఆమె. "అది కూడా నియమమే." కార్డుని కవరులో పెట్టి కవరుని సంచిలో పెట్టింది.

మర్నాడు గ్రంథాలయంలో నవంబరు నుంచి వచ్చిన పత్రికలన్నీ తిరగేసింది. హోగ్ని మరణం గురించి నాలుగు చోట్ల ఉంది. ఎక్కడా నిమిషాలు లేవు, మూత లేదు, కాపలా మనిషి లేడు. పత్రికలోది అన్నది అబద్ధం. అది తేలాక ఆమె మనసులో ఇంకో అనుమానం లేచింది. ఇది అతను మరిచిపోయి చేశాడా, కావాలని చేశాడా? కావాలనే చేస్తే, ఆమెకి చెప్పడానికా, ఆమె ఏం చేస్తుందో చూడడానికా? కంపెనీవాళ్ళు అడిగించారా? చివరిది తలకెక్కినప్పుడు తన మీద తనకే విసుగొచ్చింది. అయినా దాన్ని కొట్టెయ్యలేదు.

సోమవారం తొలి పాఠం పదహారేళ్ళ పిల్లలకి. పాఠం నలభై నిమిషాలు. ముప్పై ఏళ్ళుగా ఆమె గడియారం చూడకుండా ఆ నలభై నిమిషాల్ని నడిపింది. ఎప్పుడు పుస్తకాలు తెరవాలో, ఎప్పుడు వెనక బెంచీ కదలడం మొదలవుతుందో, ఎప్పుడు ఒక ప్రశ్నకి చోటుంటుందో ఒంటికే తెలుసు. ఆ రోజు పిల్లలకి రాతపని ఇచ్చి కుర్చీలో కూర్చుంది. పది నిమిషాలప్పుడు ఒక పిల్ల పెన్సిలు చెక్కడానికి లేచింది. ఇరవయ్యప్పుడు కిటికీ అవతల మంచు మొదలైంది. ముప్పయ్యప్పుడు ఎవరో ఆవలించారు. ఇంకా పది ఉన్నాయి. ఆ పది చాలా పెద్దవి. గంట మోగాక పిల్లలు వెళ్ళిపోయినా ఆమె చేతులు బల్ల మీదే ఉన్నాయి.

*

గిస్సుర్ రోజూ పొద్దున ఏడింటికి పశ్చిమ పేట ఈతకొలనుకి వెళ్ళి, వేడినీళ్ళ తొట్టిలో అరగంట కూర్చుంటాడు. ఆ తొట్టిలో కూర్చున్న మనిషికి పనుందని లేచిపోవడం కుదరదు. గాలిలో సున్నా కింద ఎనిమిది డిగ్రీలు, తువ్వాలేమో పాతిక అడుగుల దూరంలో కొక్కేనికి వేలాడుతుంది. హెర్దిస్ నవంబరు తర్వాత అక్కడికి రాలేదు. బుధవారం వచ్చింది.

తొట్టిలో గిస్సుర్, అతనికి ఎదురుగా ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, వెనక ఆవిరి. ఆమె మెట్లు దిగి గిస్సుర్ పక్కన కూర్చుంది. మెడ దాకా నీళ్ళు. మంచు రేకులు తల మీద పడి కరుగుతున్నాయి.

"నీ వాక్యం ఏ పత్రికలోనూ లేదు," అంది.

గిస్సుర్ కళ్ళు మూసుకున్నాడు.

"నవంబరు నుంచి అన్నీ చూశాను. నీకు పత్రిక పేరు గుర్తొచ్చిందేమోనని వచ్చాను."

"హెర్దిస్, నేను ప్రమాణం చేసి ముద్ర తీసుకున్నవాణ్ణి. నా చేతికొచ్చిన కాగితంలో ఉన్నది నా నోటి నుంచి బయటికి రాకూడదు."

"నోటి నుంచి రాలేదులే. కార్డు మీదికొచ్చింది."

ఎదుటి ముసలాయన టోపీ పైకి జరిపాడు. "మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో గానీ, కాస్త గట్టిగా మాట్లాడండి. ఇక్కడికి సరిగ్గా వినబడ్డం లేదు."

"మాటల గురించి," అంది హెర్దిస్.

"అలాగా. నేను గాలి గురించేమో అనుకున్నా. రేపు ఉత్తరపు గాలి తిరుగుతుందట."

"తిరుగుతుందిలే."

ముసలాయన కాసేపు ఆగి, మాట సాగదని తెలిసి, వేడి ఎక్కువున్న పక్క తొట్టిలోకి మారాడు. వెళ్తూ, "అక్కడ రాజకీయాలైనా మాట్లాడతారు," అన్నాడు.

గిస్సుర్ గొంతు తగ్గించాడు. "జనవరి పద్దెనిమిదిన మొదటి ప్రతి వచ్చింది. ఐస్‌లాండిక్‌లోకి తెచ్చాను, టైపు చేశాను, పంపాను. నాలుగు రోజులకి కంపెనీ నుంచి ఫోను. పొరపాటున చిత్తుప్రతి వచ్చింది, అది చెల్లదు, అది మాకు తిప్పి పంపించెయ్యండి, సరైనది పంపుతున్నాం అన్నారు. రెండోదాంట్లో తేడా ఆ ఒక్క పుటే. మూడు వరుసలు లేవు. నలభై నిమిషాలు కొంతసేపైంది."

"నువ్వు ఊరుకున్నావు."

"రెండోది కూడా ఉన్నదున్నట్టే తెచ్చాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు హెర్దిస్. అదే నాకు తిండి సయించనివ్వలేదు. ఎక్కడా అబద్ధం లేదు."

ఆమె నీళ్ళలో తన చేతులు చూసుకుంది. వేళ్ళు ముడతలు పడుతున్నాయి.

"ఆ మూడు వరుసల్లో ఇంకేముంది?"

"కాపలా మనిషిని పైన సరుకు దించే పనికి పిలిచారని. పిలిచింది అధికారే. హోగ్ని ముందే అడిగాడట, నేను పైకొచ్చేదాకా మనిషిని కదిలించొద్దని. అడిగినట్టు రాసి ఉంది."

హోగ్ని అడిగాడు. ఎవరి కోసమూ ఆగకుండా దిగిపోలేదు. అడిగి దిగాడు.

"మరి ఆ కార్డు?" అంది చివరికి. "నాకు చెప్పాలనే రాశావా?"

"తెలియదు."

"అది ఎలాంటి తెలియదు? మన పట్టికలో ముప్పై ఒకటున్నాయి."

గిస్సుర్ మొహం తుడుచుకున్నాడు. చెమటో మంచో తెలియలేదు. "నేను ముందు పెన్సిలుతో నోటుపుస్తకంలో రాసుకుంటాను, ఆ తర్వాతే టైపు. టైపు చేసింది ముందే వాళ్ళకి వెళ్ళింది, చిత్తుప్రతి తిప్పి అడిగితే పంపేశాను. పెన్సిలుది ఎవరూ అడగలేదు. ఆ గురువారం పొద్దున సుమారుకి వాక్యం కావాలని కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. కల్పించింది ఈస్లేవుర్ ఒప్పుకోడు. నా బుర్రలో నిజమైన వాక్యం అదొక్కటే ఉంది. చెయ్యి రాసేసింది. వెనక రాయాల్సినప్పుడు చెయ్యి ఆగిపోయింది. బుద్ధి ఉన్నవాడైతే చింపేసేవాడు."

"చింపెయ్యలేదేం?"

"కార్డులు చింపకూడదు కదా," అన్నాడు గిస్సుర్. ఇరవై రెండేళ్ళ అలవాటు మాట్లాడినట్టు అన్నాడు.

అతను చెప్పింది నిజమే కావచ్చు. ఆమెకి అతను తెలుసు, అలా చేసే మనిషే. కానీ జనవరి నుంచి మార్చి దాకా ఆ చివరి కుర్చీలో కూర్చుని ఆమెకి కాఫీ అందించిన మనిషి కూడా అతనే.

"ఉత్తరం రాస్తాను," అంది లేస్తూ. "నీ పేరు రాయను. నమ్మదగిన చోటు నుంచి తెలిసిందని రాస్తాను."

"అది చాలదు. చోటేదని అడుగుతారు."

"అడగనీ."

ఆవిరిలోంచి చలిలోకి వెళ్ళి, వెనక్కి చూడకుండా తువ్వాలు దగ్గరికి నడిచింది.

*

మార్చి ఇరవై ఐదు గురువారం. ఉత్తరం రాసి సంచిలో పెట్టుకొచ్చింది. ఒక పుట. ఎనిమిది సార్లు తిరగరాసింది. మొదటి ప్రతి ఒకటుందని, దాన్ని తెప్పించమని, నాలుగో పుట చూడమని అందులో ఉంది. ఒక్క వాక్యం మాత్రం ఎన్నిసార్లు రాసినా కుదరలేదు. "నమ్మదగిన చోటు నుంచి నాకు తెలిసింది." ఏ పిల్లవాడైనా వ్యాసంలో ఇలా రాస్తే పక్కన ఎర్ర సిరాతో 'ఎక్కడ నుంచి?' అని రాసేది. కంపెనీవాళ్ళు రాసింది కొంతసేపు. తను రాసింది ఒక చోటు. రెండూ ఒకే గొర్రె బొచ్చు.

ఆ రోజు పట్టికలో ఆఖరి మూడు మాటలు మిగిలాయి. అవి అయ్యాక ఈస్లేవుర్ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"పెట్టెలోకి రాని కార్డు ఒకటుంది కదా. సుమారు. గిస్సుర్, ఆధారం దొరికిందా?"

"ఆ కార్డు తీసేద్దాం," అంది హెర్దిస్. "వాతావరణానిది చాలు."

"ఎందుకు తీసెయ్యాలి? మంచి వాక్యం. వంటపుస్తకం కన్నా మంచిది. ఆధారమే లేదు."

"మాటకి కార్డొకటి చాలని నువ్వే అంటావుగా," అంది వాల్‌బోర్గ్. ఆమె చూపు హెర్దిస్ మొహం మీద ఉంది. న్యాయశాస్త్ర పుస్తకాల మధ్య బతికిన మనిషి, ఎక్కడ మాట తగ్గించాలో తెలుసు. "వదిలెయ్, ఈస్లేవుర్. ఇవాళ క్లేనుర్ బాగా కుదిరాయి, తిను."

"తింటాను. ముందు కార్డు."

గిస్సుర్ లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, హెర్దిస్ పక్క కుర్చీ, తన పాత కుర్చీ, లాగి కూర్చున్నాడు. కోటు జేబులోంచి ఒక నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. బూడిదరంగు అట్ట, మూలలు నలిగాయి.

"కార్డివ్వు."

ఆమె వెంటనే ఇవ్వలేదు. ఇస్తే తీసుకెళ్ళిపోతాడేమోనన్న అనుమానం ఆ క్షణంలో కూడా వచ్చింది. తర్వాత కవరులోంచి తీసి ఇచ్చింది.

అతను కార్డు తిప్పి రాశాడు. మెల్లగా రాశాడు, అనువాదకుల రాత. ఈస్లేవుర్ అందుకుని, అలవాటు ప్రకారం పైకి చదివాడు.

"ఓడ ప్రమాద నివేదిక, మొదటి ప్రతి, నాలుగో పుట. జనవరి పద్దెనిమిది. గిస్సుర్ ఏవిందర్సొన్ పెన్సిలు అనువాదం నుంచి." చదవడం అయ్యాక ఇంకోసారి తనలో తను చదువుకున్నాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. అతని వేలు వాక్యం మీద ఆగింది. తర్వాత హెర్దిస్ వైపు చూశాడు.

వాల్‌బోర్గ్ నములుతున్నది ఆపేసింది.

"ఆధారం సరిపోయింది," అన్నాడు ఈస్లేవుర్ చివరికి. "పెట్టెలో వెయ్యమ్మా."

"ముందు నకలు తీసుకుంటాను," అంది హెర్దిస్.

"తీసుకో. తొందరేం లేదు."

ఎవరూ లేవలేదు. వాల్‌బోర్గ్ కాఫీ పోసింది, నాలుగు కప్పుల్లోనూ. హెర్దిస్ ఉత్తరం తీసి బల్ల మీద పరిచి, 'నమ్మదగిన చోటు నుంచి' అన్న వాక్యం మీద గీత కొట్టింది. పైన ఖాళీలో రాయబోయి ఆగింది.

"నీ ముద్ర తీసేసుకుంటారు," అంది గిస్సుర్‌తో, తల ఎత్తకుండా.

"తీసుకోవచ్చు."

"తీసుకోవచ్చా, తీసుకుంటారా?"

"తీసుకుంటారు." నోటుపుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు. "పేరు సరిగ్గా రాయి. ఏవిందర్సొన్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు అక్షరం మింగేస్తారు."

"నేను మింగను."

ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదటి ప్రతిని జనవరి పద్దెనిమిదిన అనువదించిన మనిషి పేరు, అతని నోటుపుస్తకం, పుట సంఖ్య. హోగ్ని అడిగిన మాట. రాస్తున్నంతసేపూ పక్క కుర్చీలో గిస్సుర్ ఊపిరి వినిపిస్తోంది. ఇప్పుడు పేరు ఇచ్చింది హోగ్ని కోసమా, ఈస్లేవుర్ వదలలేదని ఇచ్చాడా అన్న ప్రశ్న ఆమె మనసులోంచి పోలేదు. అది పోదనీ, అడిగినా అతను తెలియదనే అంటాడనీ ఆమెకి అనిపించింది. రాత ఆపలేదు.

నిమిషాల దగ్గరికి వచ్చింది. నలభై అని అక్షరాల్లో రాయాలి, అంకెల్లో వద్దు. దాని ముందు మాట దగ్గర కలం ఆగింది. దాన్ని వదిలేసి నలభై నిమిషాలు అని ఖాయంగా రాయాలని చెయ్యి కోరింది. నలభై ఆమెకి తెలుసు. సోమవారం తరగతి గదిలో మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసింది.

నోటుపుస్తకం తెరిచి చూసింది. పెన్సిలు రాత కాస్త చెదిరింది గానీ ఉంది. సుమారు అన్న మాట అక్కడ ఉంది. ఉన్నది ఉన్నట్టే రాయాలి.

హెర్ ఉమ్ బిల్ నలభై నిమిషాలు, అని రాసి, సంతకం చేసింది.